పిల్లల వెన్నెముకలో నిరపాయ కణితులు

వెన్నుపూసల ఎముకలోనో, వెన్నుపామును చుట్టి ఉండే పొరల్లోనో, వెన్నుపాములోనో పుట్టి, ఒంట్లో మరో చోటికి పాకని గడ్డలను వెన్నెముక నిరపాయ కణితులు అంటారు. పిల్లల్లో ఇవి చాలా అరుదు. ఒక్కటీ చూడకుండానే రిటైరయ్యే పిల్లల డాక్టర్లు ఉంటారు. వెన్నుపూసల్లో పుట్టే గడ్డల విషయంలో పెద్దల లెక్క పిల్లల దగ్గర తిరగబడుతుంది. అమెరికాలోని అయోవాలో వైన్‌స్టీన్, మెక్‌లెయిన్ అనే వైద్యులు 82 మంది రోగుల వివరాలను 1987లో ప్రచురించారు. వారిలో 18 ఏళ్లు దాటినవాళ్ల గడ్డల్లో 80 శాతం క్యాన్సర్లు. ఆ లోపు వయసువాళ్లలో 32 శాతమే. పిల్లవాడి వెన్నుపూసలో గడ్డ కనిపించిందంటే అది క్యాన్సర్ కాకపోయే అవకాశమే ఎక్కువ.

అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తొడ ఎముకలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉంటే నొప్పి పుడుతుంది, అంతే. అదే గడ్డ మెడపూసల మధ్య వెనక్కి పెరిగితే వెన్నుపాము నలిగి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఎదిగే వయసు కాబట్టి వెన్ను వంకర తిరిగే ప్రమాదం కూడా తోడవుతుంది.

తెలుగు నేల మీద వీటికి ఇంకో చిక్కు ఉంది. వెన్నెముక టీబీ ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న జబ్బు. తునిలో అయినా తెనాలిలో అయినా పిల్లాడి వెన్నుపూస కుంగినట్టు ఎక్స్-రేలో కనిపించగానే డాక్టరు మనసులో ముందు మెదిలేది అదే. చాలాసార్లు ఆ అనుమానం నిజమవుతుంది. కాని సందర్భాల్లో ఏం జరుగుతుందో ముందుముందు చూద్దాం.

గడ్డల రకాలు

ఎముకలో పుట్టేవాటిలో ముఖ్యమైన నాలుగింటికి పేర్లు పెట్టి వేరు చేసిన ఘనత ఎక్కువగా న్యూయార్కు హాస్పిటల్ ఫర్ జాయింట్ డిసీజెస్‌లో పనిచేసిన పాథాలజిస్టు హెన్రీ జాఫీదే. ఆయన సహచరుడు లూయీ లిక్టెన్‌స్టైన్‌కూ అందులో వాటా ఉంది.

ఆస్టియాయిడ్ ఆస్టియోమాను జాఫీ 1935లో వర్ణించాడు. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు మించని చిన్న గింజ, దాని చుట్టూ గట్టిపడిన ఎముక, ఇదీ దాని స్వరూపం. ఒంట్లోని ఇలాంటి గడ్డల్లో దాదాపు పదింట ఒకటి వెన్నెముకలో వస్తుంది, అదీ ఎక్కువగా నడుము భాగంలో, పూసకు వెనకవైపు ఉండే ఎముకల్లో. ఆ గింజలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు విపరీతంగా తయారవుతాయి, నొప్పికి కారణం అవే. పగలు ఆటల్లో మరిచిపోయిన నొప్పి రాత్రి నిద్ర లేపుతుంది. ప్రోస్టాగ్లాండిన్లను అణిచే మాత్ర వేస్తే అరగంటలోనో గంటలోనో మాయమవుతుంది. పాత పుస్తకాలన్నీ ఇక్కడ ఆస్పిరిన్ పేరు రాస్తాయి. పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రై సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది కాబట్టి ఇప్పుడు ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటివి వాడతారు.

ఆస్టియోబ్లాస్టోమా దీనికి అన్నలాంటిది. మైక్రోస్కోపు కింద రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇది రెండు సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, మాత్రలకు అంతగా లొంగదు, నరాలను నొక్కుతుంది. దీనికి వెన్నెముక అంటే మక్కువ ఎక్కువ, మూడోవంతుకు పైగా అక్కడే వస్తాయి. జాఫీ, లిక్టెన్‌స్టైన్ 1956లో ఎవరికి వారుగా దీన్ని వర్ణించారు.

అనూరిజ్మల్ బోన్ సిస్టు రక్తం నిండిన గదులతో ఉబ్బే తిత్తి. ఎక్కువగా 20 ఏళ్ల లోపే వస్తుంది. వెనక ఎముకల్లో మొదలై పూస ముందు భాగానికి పాకుతుంది, ఒక్కోసారి పక్క పూసలోకీ చొరబడుతుంది. 1942లో పేరు పెట్టినప్పటి నుంచి చాలాకాలం ఇది రక్తప్రసరణలో తేడా వల్ల వచ్చే వాపు అనుకున్నారు. 2004లో యూఎస్‌పీ6 అనే జన్యువు స్థానం మారడం బయటపడ్డాక, ఇది అసలైన గడ్డేనని తేలింది.

నాలుగోది ఈసినోఫిలిక్ గ్రాన్యులోమా. ఇప్పుడు లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అంటున్నారు, క్లుప్తంగా ఎల్‌సీహెచ్. ఇందులో వెన్నుపూస ముందు భాగం చదునుగా అణిగిపోయి బిళ్లలా మిగులుతుంది. 1925లో ఫ్రెంచి వైద్యుడు కాల్వే ఈ బిళ్లపూసను వర్ణించినప్పుడు ఎముకకు రక్తం అందక ఇలా అయిందనుకున్నాడు. చాలామందిలో అసలు కారణం ఎల్‌సీహెచ్ అని 1950ల్లో తెలిసింది. 2010లో సగానికి పైగా రోగుల్లో, దీని కణాల్లోని బీఆర్ఏఎఫ్ జన్యువులో మార్పు కనిపించింది.

వీటిని వదిలితే, ఎముక మీద పుట్టుకొచ్చే ఆస్టియోకాండ్రోమా మెడపూసల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. నరాల నుంచి పుట్టేవాటిలో న్యూరోఫైబ్రోమా, ష్వానోమా ముఖ్యం. యుక్తవయసు రాకముందే ఒంటి మీద అయిదు మిల్లీమీటర్లకు మించిన టీరంగు మచ్చలు ఆరో అంతకంటే ఎక్కువో ఉంటే న్యూరోఫైబ్రొమటోసిస్ అనే జబ్బును అనుమానించాలి. పుట్టుకతో వచ్చే డెర్మాయిడ్, ఎపిడెర్మాయిడ్, లైపోమాలకు ఒక సదుపాయం ఉంది. నడుము మధ్యలో వెంట్రుకల కుచ్చో, చిన్న గుంటో, మెత్తటి ఉబ్బో పైకి కనిపిస్తుంది. స్నానం చేయించే అమ్మమ్మ కంట్లో పడుతుంది, కానీ పుట్టుమచ్చ అని వదిలేస్తారు. ఆ గుంట లోపలికి సన్నటి దారిలా వెన్నుపాము దాకా పోతే, దాని గుండా సూక్ష్మజీవులు చేరి మెదడుపొరల వాపు మళ్లీ మళ్లీ వస్తుంది. వెన్నుపాములోనే పుట్టే నెమ్మది గడ్డల్లో పైలోసిటిక్ ఆస్ట్రోసైటోమా, గాంగ్లియోగ్లయోమా ప్రధానం. ఇవి నడకను మార్చొచ్చు.

గుర్తించేదెలా

వెన్నునొప్పి అని బడిపిల్ల చెప్తే బరువు బ్యాగు మీదకో, ఆటలో పడిన దెబ్బ మీదకో నెట్టేస్తాం. బ్యాగు నొప్పి ఆదివారం తగ్గుతుంది. తగ్గని నొప్పికి కొన్ని గుర్తులున్నాయి: నాలుగు వారాలు దాటడం, రాత్రి నిద్ర లేపడం, అయిదేళ్ల లోపు పిల్లల్లో రావడం, జ్వరమో బరువు తగ్గడమో తోడవడం, నడకలో తేడా, కాళ్లల్లో తిమ్మిరి, పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడపడం. ఆఖరి మూడింట్లో ఏ ఒక్కటున్నా వారం ఆగకూడదు, ఆ రోజే చూపించాలి.

డాక్టరు చేసే ఒక చిన్న పరీక్ష ఇంట్లో కూడా చేసి చూడొచ్చు. నేల మీద రూపాయి బిళ్ల పడేసి తియ్యమంటే మామూలు పిల్లాడు నడుము వంచి తీసుకుంటాడు. వెన్నులో బాధ ఉన్నవాడు నడుము వంచడు. ఒక చెయ్యి తొడ మీద ఆనించి, వీపు కర్రలా నిటారుగా పెట్టుకుని, మోకాళ్లు ముడిచి కిందికి దిగి తీసుకుంటాడు. లేచేటప్పుడు తొడల మీద చేతులు నొక్కుకుంటూ లేస్తాడు. ఇది గడ్డ ఒక్కదానికే చెల్లే గుర్తు కాదు, టీబీలోనూ డిస్కు వాపులోనూ కనిపిస్తుంది. పిల్లాడు నాటకాలాడటం లేదని మాత్రం చెప్తుంది.

నొప్పితో కూడిన వంకర ఇంకో గట్టి గుర్తు. యుక్తవయసు ఆడపిల్లల్లో కారణం తెలియకుండా వచ్చే స్కోలియోసిస్‌లో సాధారణంగా అంత నొప్పి ఉండదు. నొప్పి ఉండి వెన్ను పక్కకి ఒంగిందంటే ఆస్టియాయిడ్ ఆస్టియోమా కోసం వెతకాలి. గడ్డ వంపు లోపలివైపు, వంపు శిఖరం దగ్గర ఉంటుంది. ఈ వంకర కండరాలు బిగుసుకోవడం వల్ల వచ్చేది. నొప్పి మొదలైన 15 నెలల లోపు గడ్డ తీసేస్తే చాలామందిలో వంకర దానంతటదే సర్దుకుంటుందని పెటీన్, క్లాసెన్ 1986లో చూపించారు. ఆ గడువు దాటితే వంకర స్థిరపడిపోవచ్చు.

ఈలోగా పల్లెల్లో జరిగేది వేరు. నరం పట్టిందని తైలంతో మర్దన చేయిస్తారు, పసరు కట్టు కట్టిస్తారు. కండరం పట్టేసిన పెద్దవాళ్లకు మర్దన హాయే. గడ్డ తినేసిన పూస మీద బలంగా నొక్కితే, విరిచినట్టు తిప్పితే పూస కూలి వెన్నుపాము నలగొచ్చు. ఎక్స్-రే తీయించకుండా పిల్లల వెన్ను మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకూడదు.

టీబీతో తికమక

ఇంగ్లండు సర్జన్ పెర్సివల్ పాట్ 1779లో వర్ణించిన వెన్ను టీబీ సాధారణంగా రెండు పూసలనూ వాటి మధ్య డిస్కునూ కలిపి తింటుంది, పక్కన చీము తిత్తులు కడుతుంది. గడ్డలు సాధారణంగా ఒక్క పూసకే పరిమితమవుతాయి, డిస్కు జోలికి పోవు. ఎల్‌సీహెచ్‌లో పూస బిళ్లలా అణిగినా పైనా కిందా డిస్కులు నిండుగా ఉంటాయి. పుస్తకంలో ఇది చాలా స్పష్టంగా ఉంటుంది. ఆస్పత్రిలో అంత స్పష్టంగా ఉండదు. ఒక్క పూస మధ్యలోనే మొదలయ్యే టీబీ ఉంది. వెనక ఎముకలకే పట్టే టీబీ ఉంది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా చుట్టూ ఎమ్మారైలో కనిపించే విస్తారమైన నీరు చూసి ఇన్‌ఫెక్షన్ అని, ఒక్కోసారి క్యాన్సర్ అని రిపోర్టు రావడమూ ఉంది.

అప్పుడు ముక్క తీసి పరీక్షించకుండానే (బయాప్సీ లేకుండానే) టీబీ మందులు మొదలుపెడతారు. రిఫాంపిసిన్, ఐసోనయాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్, ఎముక టీబీకి కనీసం ఏడాది కోర్సు. అసలు మోసం ఇక్కడే ఉంది. ఒక్క ఎముకకే పరిమితమైన ఎల్‌సీహెచ్ చాలామంది పిల్లల్లో దానంతటదే మానుతుంది, అణిగిన పూస ఏళ్ల మీద కొంత ఎత్తు తిరిగి పెరుగుతుంది. ఏడాది మందు వాడాక నొప్పి తగ్గి ఎక్స్-రే బాగుపడితే, టీబీయే, మందుకు తగ్గింది అని అందరూ నమ్ముతారు. ఆ నమ్మకంతోనే అలాంటి తరవాతి పిల్లాడికీ అదే చీటీ రాస్తారు. మానేది ఎల్‌సీహెచ్ అయితే సరే. అది అనూరిజ్మల్ సిస్టో ఆస్టియోబ్లాస్టోమానో అయితే మందు వాడినన్నాళ్లూ గడ్డ పెరుగుతూనే ఉంటుంది. మందు పని చేయనప్పుడు మొండి టీబీ అనుకుని ఇంకా బలమైన మందులకు పోతే దారి మరీ తప్పుతుంది.

టీబీని అనుమానించడం తప్పని కాదు. ఈ నేల మీద అనుమానించకపోవడమే తప్పు. అనుమానం వేరు, ఏడాది మందు వేరు. ఒక్క పూసే దెబ్బతిని, డిస్కు నిండుగా ఉండి, చీము లేనప్పుడు ముందు సూదితో ముక్క తీయించాలన్నది నిపుణులు చెప్పే మాట, ఈ వ్యాసకర్త తీర్పు కూడా అదే. ఆ ముక్కను రెండు సగాలు చేయాలి. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, రెండోది ఫార్మలిన్ తగలకుండా టీబీ కల్చర్‌కూ జీన్ ఎక్స్‌పర్ట్ లాంటి పరీక్షకూ. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చస్తాయి, కల్చర్ ఇక కుదరదు. ఇంత చిన్న విషయం దగ్గర పిల్లాడికి రెండోసారి మత్తు ఇచ్చి సూది పొడవాల్సి వస్తుంది.

పరీక్షలు

మొదటిది మామూలు ఎక్స్-రే, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. ఎదురు ఎక్స్-రేలో ప్రతి పూసకూ రెండు కళ్లలా పెడికిల్స్ కనిపిస్తాయి. ఒకటి గడ్డ తినేస్తే గుడ్లగూబ కన్నుకొట్టినట్టుందని రేడియాలజిస్టులు అంటారు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా మాత్రం ఎక్స్-రేలో తరచూ దొరకదు. రిపోర్టు నార్మల్ వచ్చిందని నొప్పిని కొట్టిపారేయకూడదు. సన్నటి ముక్కలుగా తీసే సీటీలో ఆ గింజ బాగా తెలుస్తుంది. ఎక్కడ ఉందో అంతుపట్టనప్పుడు టెక్నీషియంతో చేసే ఎముక స్కాన్ చోటు చూపిస్తుంది. సీటీలో రేడియేషన్ ఉంది కాబట్టి వెన్ను మొత్తం కాకుండా అనుమానమున్న పూస మేరకే తీయించడం పద్ధతి.

వెన్నుపాము, నరాలు, చీము చూడాలంటే ఎమ్మారైయే. అనూరిజ్మల్ సిస్టులో రక్తం పేరుకుని పైన తేట, కింద మడ్డి వేర్వేరు పొరలుగా కనిపిస్తుంది. అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి కాబట్టి చిన్న పిల్లలకు మత్తు ఇవ్వాల్సి వస్తుంది, మత్తు డాక్టరు లేని సెంటర్లో చిన్నపిల్లాడి ఎమ్మారై కుదరదు. ఎల్‌సీహెచ్ అని తేలితే పుర్రె, చెవి, చర్మం, ఇతర ఎముకలు కూడా వెతకాలి. అతిదాహం, అతిమూత్రం ఉన్నాయా అని అడగాలి, ఆ జబ్బు పిట్యూటరీలోనూ ఉంటే అవి వస్తాయి. బయాప్సీలో సీడీ1ఏ, లాంగరిన్ పరీక్షలు దాన్ని ఖాయం చేస్తాయి.

చికిత్స

అన్నింటికీ కత్తి అవసరం లేదు. ఒక్క పూసకు పరిమితమైన ఎల్‌సీహెచ్‌కు, నరాలు బాగున్నంతవరకు, బెల్టు కట్టి, నొప్పికి మందిచ్చి, కొన్ని నెలలకోసారి ఎక్స్-రే తీస్తూ కనిపెట్టుకుని ఉంటే చాలు. జబ్బు చాలాచోట్ల ఉంటే విన్‌బ్లాస్టిన్, ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బులో ఆ రెంటికీ కలిపి పరీక్షించారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల్లో అదనపు లాభం కనిపించలేదు.

ఆస్టియాయిడ్ ఆస్టియోమా కొన్నేళ్లకు దానంతటదే చల్లారొచ్చు. అన్నేళ్లు రోజూ మాత్రలు మింగితే కడుపు, కిడ్నీ ఊరుకోవు, వంకర కూడా ఆగదు. వెనకటి రోజుల్లో ఎముక చెక్కి గింజను తీసేవారు. 1992లో బోస్టన్‌లో డేనియల్ రోజెంతాల్ బృందం రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిని ప్రకటించాక దారి మారింది. పిల్లాడికి మత్తిచ్చి బోర్లా పడుకోబెడతారు. సీటీ చూస్తూ చర్మం మీద చిన్న గాటు పెట్టి, ఎముకలోకి డ్రిల్లు చేసి, గింజ మధ్యకు సూదిని చేరుస్తారు. సూది మొనను 90 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి నాలుగు నుంచి ఆరు నిమిషాలు ఉంచుతారు. గింజ మాడిపోతుంది. చాలామందికి పాతనొప్పి ఒకట్రెండు రోజుల్లోనే పోతుంది. వెన్నెముకలో మాత్రం ఆ వేడికి పక్క నరం కాలకుండా చూసుకోవాలి. గింజకూ నరానికీ మధ్య సుమారు సెంటీమీటరు దూరమో, గట్టి ఎముక అడ్డమో లేకపోతే ఆపరేషనే మేలంటారు.

ఆస్టియోబ్లాస్టోమాకు, పెద్ద అనూరిజ్మల్ సిస్టుకు ఆపరేషన్ తరచూ తప్పదు. సిస్టులో రక్తం ఎక్కువ కాబట్టి ముందురోజో అదే రోజో దానికి రక్తం తెచ్చే ధమనులను మూస్తారు, దీన్ని ఎంబోలైజేషన్ అంటారు. చేసేవాళ్లకు అడంకీవిచ్ ధమని ఎక్కడుందో తెలియాలి. ఛాతీ దిగువనో నడుము పైనో, ఎక్కువమందిలో ఎడమవైపు, వెన్నుపాము కింది సగానికి రక్తమిచ్చే ధమని అది. పొరపాటున మూస్తే కాళ్లు పడిపోతాయి. కొందరిలో పలుమార్లు ఎంబోలైజేషన్‌తోనో, తిత్తిలోకి డాక్సీసైక్లిన్ ఎక్కించడంతోనో సిస్టు గట్టిపడి ఆపరేషన్ తప్పుతుంది. డెనోసుమాబ్ ఇంజెక్షన్ కొన్ని మొండి సిస్టులను కుదించింది. అది ఆపేశాక పిల్లల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగొచ్చు కాబట్టి ఆ మందు తెలిసినవాళ్ల చేతిలోనే వాడాలి. ఒకప్పుడు సిస్టులకు రేడియేషన్ ఇచ్చేవారు. ఎముక ఎదుగుదల ఆగడం, తరవాత సార్కోమా రావడం చూశాక పిల్లల్లో దాదాపు మానేశారు.

వెన్నుపాము పొరల్లోని, వెన్నుపాములోని గడ్డలను మైక్రోస్కోపు కింద, నరాల సంకేతాలను ఆపరేషన్ సాగినంతసేపూ గమనిస్తూ తీస్తారు. దారి కోసం పూసల వెనక ఎముకను పూర్తిగా తీసేస్తే ఎదిగే పిల్లల వెన్ను ముందుకు కూలి గూని వస్తుంది, అందుకే ఆ ఎముకను జాగ్రత్తగా కోసి చివర్లో తిరిగి అమరుస్తారు. న్యూరోఫైబ్రొమటోసిస్‌లో ఆపరేషన్‌కు లొంగని ప్లెక్సిఫార్మ్ గడ్డలకు 2020 ఏప్రిల్‌లో అమెరికాలో సెల్యూమెటినిబ్ అనుమతి పొందింది.

మళ్లీ రావడం గురించి ఇంటికి పంపే రోజే చెప్పాలి. అనూరిజ్మల్ సిస్టు మళ్లీ వచ్చేదుంటే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుంది. వెన్ను వంకరను మాత్రం ఎదుగుదల ఆగేదాకా గమనించాలి.

తుని నుంచి దారి

చిన్న ఊరి నుంచి పెద్ద ఆస్పత్రికి దారి ఎలా ఉంటుందో తునిని ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఆ ఊరు కాకినాడ జిల్లా ఉత్తరపు కొసన ఉంది. తాండవ నది దాటితే పాయకరావుపేట, అక్కడి నుంచి అనకాపల్లి జిల్లా. హైవే, రైలు రెండూ ఊరి మీదుగా పోతాయి కాబట్టి పైకి పంపాల్సిన కేసుకు రెండు దిక్కులు. సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి, 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధం. సుమారు వంద కిలోమీటర్ల దూరంలో విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రి, 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధం. ఎల్‌సీహెచ్ లాంటి జబ్బులను సాధారణంగా పిల్లల క్యాన్సర్ డాక్టర్లు చూస్తారు, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో జాకబ్ చాందీ వెల్లూరు సీఎంసీలో పెట్టాడు. తెలుగువాళ్లు ఇప్పటికీ కష్టమైన కేసుకు వెల్లూరు రైలెక్కుతారు.

తుని ఏరియా ఆస్పత్రి స్థాయిలో జరగాల్సింది ఆపరేషన్ కాదు, అనుమానం. నొప్పి వ్యవధి, రాత్రి నొప్పి, నడక, మూత్రం, ఈ నాలుగూ అడిగి చీటీ మీద రాసి, రెండు ఎక్స్-రేలతో పంపితే పై ఆస్పత్రిలో వారాలు కలిసొస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లి పిల్లల్ని చూస్తాయి. వెన్నెముక పుట్టులోపాలు వాటి జాబితాలో ఉన్నాయి. చొక్కా విప్పించి వీపు చూస్తేనే నడుము గుంటలూ మచ్చలూ బయటపడతాయి. ఖర్చు విషయంలో 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద పిల్లాడికి కావలసిన ఆపరేషన్ ఉందో లేదో చేరే ముందే నెట్‌వర్క్ ఆస్పత్రి హెల్ప్‌డెస్కులో అడగాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఎక్స్-రే ఫిల్ములు, స్కాన్ సీడీలు ఒక సంచిలో తారీకుల వారీగా దాచండి. బయాప్సీ జరిగితే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి. ఇంకో పెద్ద ఆస్పత్రిలో మరో పాథాలజిస్టు చూడాలంటే కావలసింది అవే, అవి చేతిలో ఉంటే పిల్లాడికి రెండో సూది తప్పొచ్చు.